పెద్దాయన మాడ్యూళ్ల జోలికి పోలేదు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పెద్దవాళ్ల తప్పు కంటపడటాన్ని మించిన ఆపద లేదనుకునేదాన్ని. కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. మా ప్రోగ్రాములు పత్తికొండ వైపు టమోటా మండీల్లో తూకాలు, వేలాలు చూసేవి. ప్రోగ్రాములోని ఒక ముక్క, అంటే ఒక మాడ్యూలు, తన పనికోసం ఇంకోదాని నుంచి ఒక ఫంక్షన్ తెచ్చుకుంటుంది. పనయ్యాక దాన్ని తుడిచెయ్యకపోతే, అది అక్కడిదే అనుకుని మిగతా మాడ్యూళ్లు కూడా దాన్నే పిలవడం మొదలుపెడతాయి. అసలు చోట దాన్ని మార్చిన రోజున ఇక్కడ తూకం తప్పుతుంది. అలా మిగిలిపోయినవాటిని పట్టుకునే పరీక్ష ప్రోగ్రాము రాయడం నాకు అప్పగించిన మొదటి పని. అమ్మకు విడమరిచి చెప్పాను. "అంటే ఎవురింట్లో ఎవురి గిన్నె ఉండాదో చూసేదా? దానికి జీతమిస్తారా?" అంది. (మా వీధిలో ఆ పని అందరూ ఊరికే చేస్తారు.)

పరీక్ష బాగానే రాశాను, తప్పు దొరికిన చోటల్లా తెర మీద ఎర్ర గుర్తు పెట్టేది. చిక్కల్లా మైదుకూరు పెద్దాయనతో. (ఆఫీసులో ఆయన పేరు ఎవరూ పలికేవారు కాదు, ఊరి పేరే పేరు.) సగం మాడ్యూళ్లు ఆయన రాసినవే. నన్ను ఉద్యోగంలో ఉంచాలో పంపాలో చెప్పేదీ ఆయనే. నాయనమ్మ పెట్టిన సంగటిలో రాయి తగిలితే చప్పుడు కాకుండా మింగేసే ఇల్లు మాది. అలా పెరిగినదాన్ని ఆయన కోడ్‌కు ఎర్ర గుర్తు ఎలా పెడతాను? ఆయనవి వదిలేసి మిగతావాళ్లవన్నీ పరీక్షించి, ఎంతో మర్యాద చేశాననుకుంటూ ఫలితాలు చూపించాను.

ఆయన కళ్లద్దాలు సవరించుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"నాయి యాడ పాపా?"

"మీవి చూడాల్సిన పని లేదు కదా సార్."

"ఎందుకు లేదు? నన్నప్పుడే పటం కట్టి గోడకు తగిలిచ్చినారా?"

గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని "కానియ్" అన్నాడు. ఇక నా ఉద్యోగం అయిపోయిందనుకుంటూ పరీక్ష నడిపాను. మార్కెట్ యార్డులో టమోటాలు కుమ్మరించినట్టు తెరంతా ఎర్రబడింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "శానా ఉండాయే. నువ్వు ఒక్కోటి చూపిస్తా ఉండు, నేనే తీస్తా" అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని అన్నీ తీశాడు. వెళ్తూ వెళ్తూ మేనేజరు గది గుమ్మంలో నిలబడి, "ఈ పాపను ఉండనీయప్పా" అన్నాడు. అంతే, ఉద్యోగం నిలబడింది. ఎంత తేలిగ్గా నవ్వేశాడో, పెద్దవాళ్లకు ఇవన్నీ పట్టవు కాబోలు అనుకున్నాను.

ఇప్పుడు ఆయన ఆఫీసులో లేడు, ఆ కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన రాజంపేట అమ్మాయి ఆ పరీక్షను తిరగరాసి, ఏ మొహమాటం లేకుండా నా మాడ్యూళ్లు కూడా అందులో పెట్టింది. "మేడమ్, మీయి కొన్ని ఉండాయి" అంది. (ఈ కాలం పిల్లలు అదృష్టవంతులు.) ఆయనలాగే నవ్వేద్దామనుకున్నాను. ముందు చెవులు వేడెక్కాయి, తర్వాత ఆ పిల్ల మీద కోపమొచ్చింది, ఆ తర్వాత లేచి వెళ్లి నీళ్లు తాగొచ్చాను. నవ్వు మాత్రం రాలేదు. చివరికి ఎలాగో పెదాలు సాగదీసి "ఏదీ, చూపియ్" అన్నానే గానీ, ఆ రోజు తెర ముందు ఆయన మాట్లాడకుండా కూర్చున్న ఆ కాసేపు, ఆ నవ్వు కోసం లోపల ఎంత తంటాలు పడ్డాడో నాకిప్పటికి తెలిసింది.