పొగ కాదు, ఇంకో ఊరు

మొన్న మంగళవారం కాదు, ఆ ముందటి మంగళవారం నా భార్య పోయింది. ఆ ఉదయం ఎప్పటిలాగే కుంపటి రాజేసి టీ పెట్టింది. నా క్యారేజీ సర్ది బడికి వెళ్లింది. పదకొండింటికి ఆరో తరగతిలో పాఠం మధ్యలో కూర్చుండిపోయి మంచినీళ్లు అడిగిందట. నేను ఆఫీసు నుంచి రైల్వే ఆసుపత్రికి చేరేసరికి తెలివిగానే ఉంది.

"తాల్‌బగీచాలో పైడితల్లికి ఇంకా చెప్పనేదండీ," అంది.

"నువ్వే చెబుదువుగానిలే," అన్నాను.

రెండు గంటలకు పోయింది. గుండె, అన్నారు డాక్టరుగారు.

పాత విద్యార్థిని పైడితల్లికి ఆ చెప్పవలసినదేమిటో నా భార్య దగ్గర చదువుకున్నవారికి తెలుసు. తెలియనివారి కోసం రాస్తున్నాను.

మా రైల్వే కాలనీలో, న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బడిలో ఆమె పధ్నాలుగేళ్లు సైన్సు చెప్పింది. మొదట్లో చేతిలో ఉన్నది ఒక పాత పుస్తకం. సూర్యుడూ ఒక నక్షత్రమే, కంటికి విడిగా కనబడే నక్షత్రాలన్నీ మన పాలపుంతలోవే అని అందులో ఉంది. అంతవరకు నిజమే. ఆండ్రోమెడా అనే తెల్లటి మరక కూడా పాలపుంతలోని వాయువేనని ఉంది. అది తప్పు. "మన వర్క్‌షాపు పొగ మన క్వార్టర్ల మీదే తేల్తాది కదా, అదీ అంతే," అని ఆమె చెప్పేది. పిల్లలు మరచిపోలేదు. అదే చిక్కయింది.

ఒక వేసవిలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ నుంచి నేనొక ఇంగ్లీషు పుస్తకం తెచ్చాను. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. మూడో రోజు ఒక పేజీ మీద వేలు పెట్టి అడిగింది.

"ఇది గేసు కాదా? ఇంకో పాలపుంతా?"

"అవును. కాలేజీలో చదివాను."

"మరి నాతో అననేదేటండీ?"

ఆమె బడిలో ఏం చెబుతోందో నేను ఎన్నడూ అడగలేదు. ఆ మాటే చెప్పాను.

ఆ ఆదివారం నుంచి గొడుగు తీసుకుని పాత విద్యార్థుల ఇళ్లకు బయలుదేరింది. పరీక్షలైపోయాయి, మార్కులొచ్చాయి, ఇప్పుడెందుకన్నాను.

"మార్కులొచ్చినాయి గానీ, తప్పు ఆళ్ల దగ్గరే ఉండిపోనాది కదండీ."

ఒకసారి ట్రాఫిక్ అనే పేటలో ఒక ఫిట్టరు ఇంటికి నేనూ వెళ్లాను. అతని కూతురు బడి వదిలి అప్పటికి రెండేళ్లు. ఫిట్టరు కుర్చీ వేసి టీ తాగమన్నాడు.

"ముందు మాట, తరవాత టీ," అంది నా భార్య. ఏ ఇంట్లోనైనా అంతే. టీ చల్లారిపోయేది. చల్లారిందే తాగేది.

"రైల్లో వస్తుంటే దూరంగా మసగ్గా ఏదో కనపడతాది. పొగనుకుంటాం. దగ్గరికెళ్తే ఊరు, ఇంటింటికీ దీపం. ఆండ్రోమెడా అలాటిదమ్మా. పొగ కాదు, ఇంకో ఊరు. మన పాలపుంతలో పదివేల కోట్ల నక్షత్రాలుంటే, అక్కడా అలాగే కోట్లకు కోట్లు. అక్కడి వెలుగు మన దగ్గరికి రావడానికి పాతిక లక్షల ఏళ్లు పడతాది."

"పాతిక లచ్చల ఏళ్లా! మా పాసింజరు బండే నయం టీసరమ్మా!" అన్నాడు ఫిట్టరు.

"మరి మన ఊళ్లో మనం నడిమధ్యనున్నామా టీచర్?" అంది ఆ పిల్ల.

"లేదమ్మా, ఓ వారకున్నాం. సూర్యుడికి సెంటర్లో క్వార్టరు దొరకనేదు."

వస్తుంటే ఫిట్టరు గుమ్మం దాకా వచ్చాడు. "మా ఫోర్‌మన్ దాదా ఇలాగ ఇంటికొచ్చి ఒక్క తప్పు ఒప్పుకుంటే, ఆ రోజు వర్క్‌షాపుకి సెలవే బాబూ," అన్నాడు నాతో.

పైడితల్లి మొదటి బ్యాచి పిల్ల. పెళ్లయి చక్రధర్‌పూర్ వెళ్లింది. ఉత్తరం రాస్తే సరిపోతుంది కదా అని అప్పట్లో అన్నాను. "తప్పు ఎదురుగా నిలబడి చెప్పినాను. ఒప్పు కూడా అలాగే చెప్పాలి," అంది. భర్తకు బదిలీ అయి, పోయిన నెలే ఆ పిల్ల మా ఊళ్లోని తాల్‌బగీచాకు వచ్చింది. మిగిలింది ఆమె ఒక్కతే.

ఇవాళ పన్నెండో రోజు కార్యం అయింది. చుట్టాలు సాయంత్రం బండికి వెళ్లిపోయారు. సైకిలుకు గాలి కొట్టించాను.

రేపు ఆదివారం. ఉదయం ఏడింటికి ఆమె గొడుగు సైకిలుకు తగిలించుకుని తాల్‌బగీచా వెళ్తాను. పైడితల్లి తలుపు తీస్తుంది. టీచరుగారు ఏరండీ అంటుంది. కుర్చీ వేసి, టీ పెడతానంటుంది. ముందు ఆండ్రోమెడా సంగతి చెబుతాను. తరవాత మిగతాది.