సూసైమాణిక్యం మూడు వేళ్ళు

సూసైమాణిక్యానికి కోపం ముక్కు మీద ఉంటుందనేవారు. అబద్ధం, ఒళ్ళంతా ఉండేది. కూనూరు టాక్సీ స్టాండు కింద ముప్పై ఏళ్ళుగా అదే రేకుల షెడ్డు, అవే తిట్లు. అయినా నలభై టాక్సీల్లో ఎవరికి గేర్‌బాక్సు విప్పాలన్నా ఆయనే దిక్కు. బేరింగు వెనక ఎంత మందం రేకు వెయ్యాలో మిగతా మెకానిక్కులు కొలిచి చూసుకుంటారు. ఈయన షాఫ్టును మూడు వేళ్ళతో ఒకసారి తిప్పి చెప్పేసేవాడు. కొలిచే పరికరం మాటెత్తితే, "వేళ్ళు లేనివాడికిరా అది!" అని కసిరేవాడు.

అలాంటివాడి షెడ్డు ముందు ఒక పొద్దున హాలన్ తన టాక్సీ ఆపి, స్టాండంతా వినేలా అరిచాడు.

"ఏం కట్టావయ్యా గేర్‌బాక్సు! పదిహేను రోజుల్నించీ బండిని వెనకనించి ఎవడో పట్టి లాగుతున్నట్టుంది. న్యూట్రల్ చేస్తే వాలులో కూడా దొర్లి చావదు!"

"న్యూట్రల్లో ఘాట్ రోడ్డు దిగే వెధవ్వి, నువ్వా నన్నడిగేది? దిగినంతసేపూ బ్రేకు తొక్కి డ్రమ్ములు మాడ్చుకుంటావు, పట్టేసిన బ్రేకు తెచ్చి నా నెత్తిన రుద్దుతావా?"

"బ్రేకులు నిన్ననే చూపించా."

"ఎవడికి? నీలాంటి ఇంకో గాడిదకా?"

స్టాండు పెద్ద పళనియప్పన్ టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "నోళ్ళెందుకు పారేసుకుంటారు? చర్చి వాలులో తేల్చుకోండి" అన్నాడు.

ఆ స్టాండులో తగువు తీర్చే పద్ధతే అది. చర్చి గేటు దగ్గర న్యూట్రల్లో వదిలితే, బాగున్న బండి వాలు దిగి, చదునులో వర్కీ బిస్కెట్లమ్మే బేకరీ దాకా తనంతట తనే పోవాలి. సూసైమాణిక్యం అక్కడితో ఊరుకోలేదు.

"తప్పు నా గేర్‌బాక్సుదని తేలితే ఇక ఈ జన్మలో గేర్‌బాక్సు ముట్టను. బ్రేకుదైతే వీడు అందరి ముందూ నా కాళ్ళు పట్టుకోవాలి. విన్నారుగా?"

అందరూ విన్నారు.

బండి బేకరీకి సగం దూరంలోనే ఆగిపోయింది. అక్కడే వెనక భాగం జాకీ మీద లేపారు. చక్రం తిప్పబోతే మొరాయించింది.

"బ్రేకే!" అన్నాడు సూసై. కానీ పని తెలిసినవాడు కదా, అక్కడ ఆగలేదు. గేర్‌బాక్సు నుంచి వెనక్కి పోయే పొడుగాటి షాఫ్టు తానే ఊడదీశాడు. ఇప్పుడూ చక్రం బిగుసుకుంటే లోపం వెనక బ్రేకులోనే, తేలిగ్గా తిరిగితే గేర్‌బాక్సులో. హాలన్ చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. గిర్రున తిరిగింది. రెండోదీ అంతే.

సూసై బండి కిందికి దూరి, గేర్‌బాక్సు వెనక బయటికి పొడుచుకొచ్చిన షాఫ్టు కొన పట్టుకుని తిప్పాడు.

"ఏముందిరా ఇందులో? వెన్నలా తిరుగుతోంది!"

హాలన్ దూరాడు. "ఇదా వెన్న? నా మణికట్టు పడిపోతోంది!"

పళనియప్పన్ తెల్ల పంచెతోనే రోడ్డు మీద పడుకుని తిప్పి చూశాడు. లేచి దుమ్ము దులుపుకుంటూ, "బిగుసుకుందయ్యా సూసై" అన్నాడు.

సూసై మళ్ళీ దూరాడు. ఈసారి కళ్ళు మూసుకుని తిప్పాడు. వదులనీ లేదు, బిగువనీ లేదు. వేళ్ళు అసలేమీ చెప్పలేదు. ఏడాదిగా పొయ్యి మీంచి దించిన గిన్నె పట్టుకున్నా చెయ్యి కాలకపోతే, తోలు గట్టిదని గొప్పలు పోయాడు. షుగర్ వచ్చింది, వేళ్ళు మొద్దుబారతాయి, జాగ్రత్తన్న డాక్టరును తిట్టి వచ్చాడు. అవన్నీ ఒక్కసారే గుర్తొచ్చి, బండి కింది నుంచి మెల్లగా బయటికొచ్చాడు.

"చేతులు చచ్చాయి, నోరొక్కటే బతికుంది!" అన్నాడు హాలన్. నలుగురైదుగురు నవ్వారు.

చలికి నూనె చిక్కబడిందని బుకాయించవచ్చు. కొత్త బేరింగు సర్దుకోలేదని అనవచ్చు. సూసై అవేవీ అనలేదు. "తప్పు నాదే. రేకు మరీ మందమైనది వేశాను. బేరింగు నొక్కుకుపోయింది."

"సరేలే, మళ్ళీ కట్టెయ్" అన్నాడు పళనియప్పన్.

"ముట్టనన్నానుగా!" సూసై పానా తెచ్చి హాలన్ ముందు విసిరాడు. "నువ్వు విప్పు. నేను చెప్తా."

"నీ దగ్గర కూలికి చేరానా?"

"బండి నీదా, నా బాబుదా? వంగరా!"

మధ్యాహ్నానికి గేర్‌బాక్సు షెడ్డులో బల్ల మీద ఉంది. హాలన్ ఒళ్ళంతా నూనె, చెవుల నిండా తిట్లు. పల్చటి రేకు వేసి మూత బిగించి, షాఫ్టు తిప్పాడు.

"ఎలా ఉంది?"

"తేలిగ్గానే ఉంది."

"తేలికంటే ఎంత తేలికరా దరిద్రుడా! ఊగుతోందా? చివర్లో కాస్త పట్టుందా?"

"ఏమో, అదెలా చెప్పేది?"

సూసై చెయ్యి దానంతటదే షాఫ్టు మీదికి పోయింది. జానెడు దూరంలో ఆగింది. వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్పాలి" అన్నాడు, తిట్టు లేకుండా.