కడుగు నీళ్ళు

బడిలో నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. మిగిలిన చదువంతా చిత్తూరు గ్రంథాలయంలో జరిగింది. పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టే అంగడి నాది. సాయంత్రం కాగానే చేతులకంటిన వార్నిష్‌ను కిరసనాయిలుతో తుడుచుకుని గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కో పేజీ తవ్వుకుంటూ పోయేవాణ్ణి. డిగ్రీ చదివినవాళ్ళు ముట్టని పుస్తకాలు నేను చదువుతున్నానని లోపల కొంచెం గర్వంగా ఉండేది. కొంచెం కాదు, చాలానే.

ఎనభైల మొదట్లో కుప్పం పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన తమ ఊరి ఆసామి మోటారు తీసుకొచ్చాడు. తీగ మీది వార్నిష్ ఆరేదాకా అంగడి మెట్టు మీద కూర్చుని, చొక్కా జేబులోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. అందులో నల్ల ఇసుక ఉంది. ఎండలో అటూ ఇటూ కదిపితే మధ్యలో పసుపు పొడి మెరిసింది.

ఆయన తాత ముత్తాతల నాటి నుంచి వాళ్ళ పని ఇసుక కడగడం. వానలు పడి వంక పారి తగ్గాక, అడుగున చేరిన ఇసుకను కొయ్య మరిగెలో వేసి, నీళ్ళలో తిప్పి తిప్పి బంగారపు రవ్వలు ఏరుకుంటారు. రవ్వలు మరిగెలో నిలుస్తాయి. పిండిలాంటి సన్న బంగారం మాత్రం నల్ల ఇసుకను వదలదు. ఆ నల్ల ఇసుకను పారేయకుండా మూడేళ్ళుగా గోతాల్లో దాచాడు. ఏడు గోతాలు. టౌనులోని నగల వ్యాపారి అడిగినా ఇవ్వలేదు.

"దాంట్లో సరుకు ఉండాదప్పా. నా కంటికి కనిపిస్తా ఉండాది, చేతికే చిక్కడంలేదు. చిక్కితే జత ఎద్దులు కొని, ఈ నీళ్ళలో నానేది మానుకుంటా" అన్నాడు.

గుండ్రంగా తిరిగే గిన్నెతో సన్న బంగారాన్ని పట్టే యంత్రం గురించి నేను చదివే ఉన్నాను. గ్రంథాలయంలో అట్ట ఊడిన గనుల పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. గిన్నె వేగంగా తిరిగితే లోపల పోసిన ఇసుక నీళ్ళు గోడకు ఎగబాకుతాయి. గోడకు చుట్టూ లోతుగా చెక్కిన గాళ్ళు ఉంటాయి. బరువైన బంగారం గాళ్ళలో దిగి నిలుస్తుంది, తేలిక ఇసుక అంచు మీదుగా బయటికి పోతుంది. ఇందులో రెండు రకాలున్నాయని ఆయనకు చెప్పాను. ఒకటి ఉత్త గాళ్ళది, నీళ్ళు తక్కువ పడతాయి. కాసేపటికి గాళ్ళలో ఇసుక గట్టిపడుతుంది కాబట్టి మాటిమాటికీ ఆపి గీకాలి. రెండో దానికి గాళ్ళ వెనక సన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి లోపలికి నీళ్ళు తోస్తూ ఉంటే ఇసుక గుల్లగా ఉండి, ఎంత సన్న బంగారమైనా దిగుతుంది.

"నీళ్ళు తక్కువ తాగేదే మా ఊరికి మేలు కదప్పా" అన్నాడాయన. "గీకేదానికేం, నేనూ మీ అత్తా గీకుతాం."

ఆయన్ని మామా అనడం అప్పటికే అలవాటైంది. "మామా, నువ్వు మరిగె సంగతి చెప్పు, వింటాను. యంత్రం సంగతి నాకు వదిలెయ్" అన్నాను. రెండో రకమే ఎంచాను. కష్టమైనదాన్ని చేసి చూపించాలన్న ఆశ తప్ప వేరే కారణం ఏదీ ఇప్పుడు నాకు కనిపించదు.

గిన్నెను పాత్రలు పోతపోసేవాడి దగ్గర చేయించాను. సూది మందం రంధ్రాలు నేనే కూర్చుని వేశాను. అంగడిలోనే మామూలు ఇసుకలో సీసం పొడి కలిపి తిప్పి చూస్తే, సీసమంతా గాళ్ళలో నిలిచింది. అన్నింటికంటే ఎక్కువ సంతోషం ప్రతి భాగానికీ నేను పెట్టిన తెలుగు పేర్లు ఇచ్చాయి. తిరుగు గిన్నె. అందులో పోసే ఇసుకకు పోత మన్ను. రంధ్రాల గుండా తోసే నీళ్ళను పుస్తకంలో కడిగే నీళ్ళన్న అర్థం వచ్చే మాటతో రాశారు. దానికి 'కడుగు నీళ్ళు' అని పెట్టాను. నోట్‌బుక్కులో రాసుకుని రెండుసార్లు పైకి చదువుకున్నాను.

యంత్రాన్ని పల్లెకు చేర్చి, వంక గట్టున ఆయిల్ ఇంజనుకు బెల్టుతో కలిపాం. రంధ్రాలకు నీళ్ళు దిగడానికి పైన ఒక డ్రమ్ము ఎత్తి పెట్టాం. సగం ఊరు చూడ్డానికి వచ్చింది. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమల్లుడా, ఇది బంగారం తీస్తాదా, దోసెల పిండి రుబ్బుతాదా?"

"రెండూ చేస్తుందత్తా."

"అట్లయితే ముందు పిండి రుబ్బు. మీ మామ బంగారం కోసరం ముప్పై ఏండ్లు కాసుకోనుండా, ఆకలికి కాసుకోలేను."

అందరూ నవ్వారు. ఇంజను నడిపి చూశాం. బెల్టు జారలేదు, గిన్నె ఊగలేదు. ఇసుక పోసేలోగా చిత్తూరు నుంచి కబురొచ్చింది. ఆసుపత్రి నీళ్ళ మోటారు కాలిపోయిందట, వెంటనే రమ్మన్నారు. చేయాల్సినవన్నీ వరసగా కాగితం మీద రాసి అత్త చేతికిచ్చాను. ఇద్దరిలో చదవడం వచ్చింది ఆమెకే. 'పోత మన్నుకు బావి నీళ్ళు కలపాలి. పై డ్రమ్ము నిండా కడుగు నీళ్ళు ఉండాలి, ఎప్పుడూ ఆగకూడదు' అని అందులో రాశాను.

నాలుగు రోజులకు తిరిగి వెళ్ళేసరికి ఏడు గోతాలూ ఖాళీ అయ్యాయి. గిన్నె విప్పితే గాళ్ళలో ఇసుక సిమెంటులా బిగిసి ఉంది. ఉలితో కొట్టి తీసి మామ తన మరిగెలో కడిగాడు. నాలుగైదు నలుసులు మెరిశాయి, అంతే. గట్టు మీద మళ్ళీ సగం ఊరు ఉంది.

"మామా, నీ మన్నులో సరుకు లేదు" అన్నాను.

"లేదంటావాప్పా?"

"ఉంటే గిన్నెలో నిలవాల్సిందే. పుస్తకం అబద్ధం చెప్పదు."

ఆయన మరిగె బోర్లించి, చేతులు పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. గిన్నె దాటిన ఇసుక వంకలోకి పోయింది, రెండు వారాలకు పడిన వానకు అదీ కొట్టుకుపోయింది. ఆ ఏడే ఆయనా అత్తా గూడూరు పక్కకు, అబ్రకం రేకులు చీల్చే షెడ్డులో కూలికి వెళ్ళారని విన్నాను.

యంత్రం నా అంగడి మూలకు చేరింది. కొన్ని నెలల తర్వాత ఇరుసు వేరే పనికి కావాల్సి వచ్చి గిన్నె ఊడదీశాను. రంధ్రాలన్నీ ఎర్రమట్టితో పూడుకుని ఉన్నాయి. బావి నీళ్ళలో అంత మట్టి ఎక్కడిదో అర్థం కాలేదు. ఆ మరుసటి ఉదయం మా ఇంటి పెరట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"బియ్యం కడుగు నీళ్ళు పారబోయొద్దే, ఎనుముకు పెట్టల్ల."

పళ్ళు తోముకుంటున్నవాణ్ణి అలాగే నిలబడిపోయాను. కడుగు నీళ్ళంటే మా ఇళ్ళలో కడగడానికి వాడే నీళ్ళు కావు, కడగగా మిగిలిన నీళ్ళు. పుట్టినప్పటి నుంచి విన్న మాటే. గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు అది నాకు గుర్తు రాలేదు. వాళ్ళు కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేశారు. ఇసుక కడగగా గుంటలో చేరిన ఎర్రనీళ్ళను కడవలతో మోసి, పై డ్రమ్ములో ఆగకుండా పోశారు. రంధ్రాలు పూడి ఇసుక బిగిసింది. బంగారం దాని మీదుగా జారి వంకలో కలిసింది.

గూడూరు వెళ్ళాను. మామ షెడ్డులో కింద కూర్చుని, చిన్న కత్తితో రేకులు చీలుస్తున్నాడు. జరిగింది చెప్పాను. కత్తి ఆగింది.

"అంటే నా మన్నులో ఉన్నింది."

"ఉంది మామా. తప్పు నాది."

అత్త అవతల వరసలోంచి లేచి వచ్చింది. "ఇన్నాళ్ళూ ఈయన్ని గుడ్డోడా, గుడ్డోడా అని తిడితినే నేను" అని ఆయన పక్కన కూలబడింది.

ఆయన ఎద్దుల మాట ఎత్తలేదు. "ఈ మాట ఈడ నాకు చెప్తే ఏమొస్తాదప్పా? మా ఊర్లో చెప్పు. లేదని ఆడే కదా అంటివి" అన్నాడు.

చెప్తానని మాటిచ్చి వచ్చాను. ఆ వారమే పల్లెకు వెళ్ళి, టీ అంగడి దగ్గర నలుగురు చేరాక మొదలుపెట్టాను. మామ మన్నులో బంగారం ఉందనీ, నీళ్ళు మారడం వల్ల నిలవలేదనీ చెప్పాను. ఆ నీళ్ళ పేరు తప్పుగా రాసింది నేనేనన్న మాట ఇంకా చెప్పాల్సి ఉంది.

బెంచీ మీదున్న ఒకాయన గ్లాసు కింద పెట్టి, "ఓహో, అయితే ముసిలోడే బురద నీళ్ళు పోసి చెడగొట్టినాడా! నీ మిషను మంచిదే అన్నమాట" అన్నాడు.

"అంత పుస్తకం చదివినాయన చెప్తే ఇనల్ల కదా" అన్నాడు ఇంకొకాయన. నాకోసం టీ చెప్పాడు.

ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిచాను. టీ వచ్చింది. అది తాగి బస్సెక్కాను.