ఎవరింటోడు?

మా పెద్దనాన్న ఒకప్పుడు చిక్కడపల్లి ఫుట్‌బాల్ జట్టుకి సెంటర్ హాఫ్. మా మామయ్య, అంటే నా భార్య తండ్రి, నారాయణగూడ జట్టుకి గోల్‌కీపర్. పెళ్లయిన నాటి నుంచి నేను వీళ్లిద్దరి మధ్య బంతి ఉండే చోటే ఉన్నాను. బంతికైతే ఆట అయ్యాక ఒక మూల దొరుకుతుంది.

రెండు పేటల మధ్య దూరమెంతో చెప్పాలంటే, ఇక్కడ బస్సెక్కినవాడు టికెట్ తీసుకునేలోపు అక్కడ దిగాల్సి వస్తుంది. మధ్యలో ఫ్లైఓవర్ లేచింది, మెట్రో స్తంభాలు లేచాయి, పంతం మాత్రం కూర్చున్నచోటే కూర్చుంది. ఏడాదికి ఒక్క ఆదివారం, కాలేజీ వాళ్లు మైదానం ఇచ్చిన పొద్దున, రెండు క్లబ్బులూ ఆడతాయి. వాళ్లది పసుపు, మాది నీలం. ఈ పోటీ ఎలా మొదలైందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. అందరి కథల్లోనూ కలిసే మాట ఒకటే ఉంటుంది, తప్పు అవతలి వాళ్లదని.

చిక్కడపల్లోళ్లకు బంతి చిక్కదని వాళ్లంటారు. మీ గోల్ ముందు నిలబడ్డవాడికి నారాయణుడే దిక్కని మావాళ్లంటారు. గోల్ తక్కువ, గోల ఎక్కువ.

నా ఆట గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మా క్లబ్బులో నా స్థానం బెంచీ మీద, నిమ్మచెక్కల డబ్బా పక్కన. రెండు మూడుసార్లు మైదానంలోకి దింపారు. దింపడానికి ఆలోచించినంతసేపు తీయడానికి ఆలోచించలేదు.

ఈ ఆటకి ఒక పద్ధతి ఉంది. కాగితం మీద ఎక్కడా లేదు, పెద్దల నోటి మీదే నడుస్తోంది. విజిల్ వేయకముందు రెండు జట్లూ వరుసగా నిలబడతాయి. ఒక పేట పెద్ద అవతలి వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరి ముందూ ఆగి "ఎవరింటోడు?" అని అడగాలి. ఆ జట్టు పెద్ద జవాబు చెప్పాలి. ఫలానా మిల్లు సందులోని ఇల్లు, ఫలానా బట్టల దుకాణం వాళ్ల మనవడు అని. ఇల్లు చెప్పలేనివాడు ఆడకూడదు. పేటలో పిల్లలు తగ్గి, ఉన్నవాళ్లు ఫోనులో ఫుట్‌బాల్ ఆడటం మొదలుపెట్టాక, అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదువుకుంటున్న జిల్లాల కుర్రాళ్లను మేం తెచ్చుకున్నాం, తమవైపు హాస్టళ్ల వాళ్లను వాళ్లు తెచ్చుకున్నారు. కిరాయికుంటే ఇంటోడెట్లయితడని ఒక ఏడాదంతా వాదించుకుని, అన్నం తినే చోటు ఇల్లే అని రాజీపడ్డారు.

రాజీపడనిది మాత్రం ఒకటుంది. అల్లుడి సంగతి.

మా పెద్దనాన్న పడుచుగా ఉన్నప్పుడు హనుమకొండ వైపు నుంచి ఒకాయన చిక్కడపల్లికి అల్లుడయ్యాడు. కాళ్లలో చక్రాలున్న మనిషట. ఎవరింటోడని అవతలివాళ్లు అడిగితే, అప్పుడు జట్టు నడిపిస్తున్న పెద్దనాన్న తడుముకోకుండా మా పేట అల్లుడన్నాడు. ఆ అల్లుడు ఆ రోజు ఒకే ఒక్క గోల్ వేశాడు. అది పడింది మా మామయ్య చేతుల పక్కనుంచే. అప్పటి నుంచీ ఆయనది ఒకటే మాట. "అల్లుడు ఇంటికి చుట్టం. జట్టుకు కాదు." మావాళ్లు అల్లుళ్లను ఆడించారు గానీ, నారాయణగూడ ఆ మాట మీద నిలబడి ఇన్నేళ్లలో ఒక్క అల్లుణ్ణీ దింపలేదు. ఏటా ఆటకు ముందు, ఇప్పుడు పేట పెద్దలైన వీళ్లిద్దరూ ఇరానీ హోటల్లో కూర్చుని ఇదే వాదన చేస్తారు. ఎవరి మాటలు వాళ్లకు కంఠస్థం. ఒకాయనకు దగ్గొస్తే రెండో ఆయన ఆ వాక్యం పూర్తిచేసి మరీ ఖండిస్తాడు.

అలాంటి ఇంటికి నేను అల్లుణ్ణయ్యాను. నిశ్చితార్థంలో తాంబూలాలు మార్చుకుంటుంటే ఇద్దరూ ఆటయ్యాక జెర్సీలు మార్చుకుంటున్నట్టు మొహాలు పెట్టారు. మామయ్య మంచి మనిషి. ఏడాది పొడుగునా నేను ఆయనకు అల్లుణ్ణే. ఆట వారం మాత్రం చిక్కడపల్లివాణ్ణి. ఆ వారం ఒక పేట వాళ్లు ఇంకో పేట ఇంట్లో మంచినీళ్లు కూడా తాగరు. మా ఆవిడ ఆ వారం ఎటు తాగాలో తెలియక, ఇష్టమొచ్చినట్టు రెండు చోట్లా తాగుతుంది.

మహమ్మారి రోజుల్లో ఆట ఆగింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఇద్దరికీ పదకొండుమంది ఉన్నన్నాళ్లు ఆడదాం, ఏ పేటకైతే మనుషులు చాలరో ఆ ఏడాదితో ఆట శాశ్వతంగా బంద్, వాయిదాలు గీయిదాలు లేవు, సగం జట్టుతో ఆడి నవ్వులపాలు కావద్దు. ఆ మాట అన్నది మామయ్యే. బంద్ అయ్యేది తన పేట వల్లే అవుతుందని ఆయనకు అప్పుడు తోచి ఉండదు.

ఈ మధ్య జరిగిన ఆటకి ముందు రోజు సాయంత్రం మామయ్య మా ఇంటికి వచ్చాడు. ఆట వారంలో ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. మా ఆవిడ అలవాటుకొద్దీ చాయ్ పెట్టింది. పెట్టాక నాలుక కరుచుకుంది. ఆయన కప్పు తీసుకుని తాగాడు. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఆయన నల్లా నీళ్ల గురించి మాట్లాడాడు. ఫ్లైఓవర్ కింద పార్కింగ్ గురించి మాట్లాడాడు. మాటల్లో మాటగా విషయం బయటపడింది. వాళ్ల హాస్టల్ కుర్రాళ్లంతా ఒకే కోచింగ్ సెంటర్ వాళ్లు. రాయాల్సిన పరీక్ష సరిగ్గా ఆ ఆదివారమే పడింది, ఒక్కొక్కరికి ఒక్కో జిల్లాలో సెంటర్. మా కుర్రాళ్లు ఇంకా నోటిఫికేషన్ కోసమే ఎదురుచూస్తున్నారు గనక మాకు ఆ బాధ లేదు. కొలువు రాకపోవడం క్లబ్బుకి కలిసొచ్చిన సందర్భం బహుశా అదొక్కటే. మామయ్య గల్లీ గల్లీ తిరిగి, ఆడటం మానేసినవాళ్లను బతిమాలి, పదిమందిని కూడగట్టాడు.

కప్పు కింద పెట్టి, లేచి, చెప్పులేసుకుంటూ అడిగాడు. "మోకాళ్లు మంచిగున్నయా?"

ఉన్నాయన్నాను. ఆయన తలూపి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మా ఆవిడ నన్ను పరీక్ష తప్పిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "సమజ్ కాలేదా? మా నాయిన నిన్ను ఆడమని అడిగిండు."

"నన్నెక్కడ అడిగిండు? నా మోకాళ్లను అడిగిండు."

"ఆయనకు అంతకన్నా నోరు రాదు. రేపు ఆట ఆగిపోతే జీవితమంత తన మీదేసుకుంటడు. నీకు జర తెలివి ఉండాలె."

తెలివి ఉన్నా చేయగలిగింది లేదని చెప్పాను. నా అంతట నేను పోయి పసుపు వరుసలో నిలబడితే లెక్కలోకి రాదు. ఎవరింటోడని అడిగినప్పుడు ఆ పేట పెద్ద నోటితోనే జవాబు రావాలి. ఆ జవాబు ఆయన ఇన్నేళ్లుగా తప్పంటున్న జవాబు. అదీ మా పెద్దనాన్న ముందర చెప్పాలి. మా ఆవిడ లోపలికి పోయింది. నా పాత బూట్లు వెతికి, దుమ్ము దులిపి, గుమ్మం దగ్గర పెట్టింది.

పొద్దున మైదానానికి బూట్లతోనే వెళ్లాను. నిమ్మచెక్కలు పంచేవాడికి బూట్లెందుకని మావాళ్లెవరూ అడగలేదు. జట్లు వరుసకట్టాయి. అవతల పదిమంది. అందులో ఒకాయనకు నాకన్నా బొజ్జ ఎక్కువ, అది చూసి కొంత ధైర్యం వచ్చింది. పెద్దనాన్న నడక మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి ముందూ ఆగి అడుగుతున్నాడు, మామయ్య చెబుతున్నాడు. చివరి మనిషి అయిపోయాడు. పక్కన చోటు ఖాళీగా ఉంది.

పెద్దనాన్న అక్కడ ఆగాడు. ఆట లేదని ఒక్క మాట అంటే సరిపోయేది, అనే హక్కూ ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. నాకు తెలిసి ఆయన తన అద్దాలను అంత శుభ్రంగా ఎప్పుడూ తుడిచి ఎరగడు. ఒక అద్దం అయ్యాక రెండోది, మళ్లీ మొదటిది.

మామయ్య సంచిలోంచి పసుపు జెర్సీ తీశాడు. మైదానం దాటి మా బెంచీ దాకా వచ్చి నా చేతికిచ్చాడు. నా మొహం చూడలేదు. నేనూ చూడలేదు. నీలం చొక్కా మీదే అది తొడుక్కుని, ఆయన వెనకాలే పోయి ఖాళీ చోట్లో నిలబడ్డాను.

పెద్దనాన్న అద్దాలు పెట్టుకుని నా ముందుకొచ్చాడు. నన్ను భుజాల మీద మోసి ఇదే మైదానానికి తెచ్చిన మనిషి ఆయన. నన్ను పైనుంచి కిందదాకా చూసి, మామయ్య వైపు తిరిగి అడిగాడు.

"ఎవరింటోడు?"

ఎక్కడో మెట్రో రైలు పోతున్న చప్పుడు. అది పూర్తిగా పోయేదాకా మామయ్య ఆగాడు.

"మా ఇంటోడు," అన్నాడు. "మా అల్లుడు."

పెద్దనాన్న దగ్గర ఈ క్షణం కోసం దాచిపెట్టుకున్న మాటలు బోలెడుంటాయని నాకు తెలుసు. కొన్ని మా ఇంట్లో అన్నం తింటూ సాధన చేసినవే. ఆయన అవేవీ తీయలేదు.

"అట్లయితే పదకొండు," అన్నాడు. విజిల్ వేయమని చెయ్యి ఊపాడు.

ఆట గురించి క్లుప్తంగా చెబుతాను, అది కూడా నన్ను క్లుప్తంగానే వాడుకుంది. నన్ను వెనక ఎడమవైపు నిలబెట్టారు. మా అశోక్‌నగర్ కుర్రాళ్లు నా పక్కనుంచి పోతూ మర్యాదగా "అన్నా, జరుగు" అన్నారు. వాళ్లు జరగమన్న వైపే జరిగాను, అదే వాళ్లకు దారి అయింది. ఒకసారి మాత్రం బంతి నా మోకాలికి తగిలి గోల్ మీదకు పోకుండా పక్కకు పోయింది. అది నేను ఆపానని మామయ్య, అది నన్ను గుద్దుకుందని పెద్దనాన్న ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇరానీ హోటల్లో పాత వాదన స్థానంలో ఇప్పుడిదే నడుస్తోంది. నారాయణగూడ ఓడిపోయింది. మామయ్య ఓడినవాడిలా లేడు. గెలిచిన మావాళ్లకన్నా ముందు ఆయనే చాయ్ గంగాళం దగ్గరికి నడిచాడు.

ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు తమ చేతులతో చాయ్ పోయాలి, అది కూడా పద్ధతే. పసుపు జెర్సీలో నేనూ ట్రే పట్టుకున్నాను. నీలం బెంచీ మీద, నిమ్మచెక్కల డబ్బా పక్కన, నేను కూర్చునే చోట పెద్దనాన్న కూర్చుని ఉన్నాడు. కప్పు అందుకుని ఒక గుక్క తాగాడు.

"చక్కెర జర తక్కువైంది అల్లుడా," అన్నాడు.

చక్కెర కోసం గంగాళం దగ్గరికి వెనక్కి నడుస్తుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది. కుంటుతున్నట్టు కనపడకుండా నడిచాననే అనుకున్నాను. మామయ్య గరిటెతో చాయ్ కలుపుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"వచ్చే యేడు దాక ఆ మోకాళ్లు పైలం."