ఎదుటి మనిషిలా కూర్చోవడం

వేసవి వచ్చిందంటే పలాసలోని మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళందరం పిల్లల కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళం అయిపోతాం. ఇల్లిల్లూ తిరిగి, మా కాలేజీకి పంపండి అని అడగాలి. పిల్లల్ని తేలేనివాడికి ఆ తర్వాత పాఠాలుండవు. నిరుడు నేను ఒక్కరిని కూడా తేలేదు. ఈ ఏడూ ఇంతే అయితే ఇక రానక్కర్లేదని ప్రిన్సిపాల్ నవ్వుతూనే చెప్పాడు.

మా తాత కాలంలో కవిటి చుట్టుపక్కల చాలా తోటలు మావి. అవి పోయి రెండు తరాలైంది. ఆ పేరు చెప్పుకుని ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాపకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. ఉద్యోగం నిలవాలి, పేరు వాడకూడదు. సరిగ్గా అప్పుడే మేనేజ్‌మెంటు మా మీదికి ఒక ట్రైనర్ని తెచ్చింది.

విశాఖ నుంచి వచ్చాడు. ఫ్యాన్లు సరిగా తిరగని సెమినార్ హాల్లో, ఒంటి మీది కోటు విప్పకుండా, న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ చెప్పాడు. విషయం ఇది. ఒక పనిలో ఆరితేరిన మనిషిని ఎంచుకోవాలి. అతను ఎలా కూర్చుంటాడు, ఏ మాటతో మొదలుపెడతాడు, ఆ సమయంలో మనసులో ఏం నమ్ముతాడు, అన్నీ విడదీసి చూడాలి. ఆ ముక్కల్ని మనం తొడుక్కుంటే అతనికొచ్చే ఫలితం మనకూ వస్తుంది. దీన్ని మోడలింగ్ అంటారట. ఇక ఎదుటివాడికి మన మీద నమ్మకం పుట్టాలంటే అతనిలా కూర్చోవాలి, అతని ఊపిరి వేగాన్ని అందుకోవాలి, అతని మాటలే వాడాలి.

"వంట లాంటిదండీ. కొలతలు దొరికితే ఎవరైనా వండొచ్చు" అన్నాడు.

"తినేవాడి సంగతేమిటి?" అని అడిగాను.

"వెరీ గుడ్ క్వశ్చన్" అని తర్వాతి స్లైడుకు వెళ్ళిపోయాడు.

మాకు మోడల్‌గా ఫిజిక్స్ మాస్టారిని ఎంచారు. ఏటా బస్సు నిండా పిల్లల్ని తెచ్చేది ఆయనే. ఆయన బండి వెనక కూర్చుని సోంపేట వైపు తిరిగాను. చూసి నేర్చుకోవడం నాకు నామోషీ కాదు. వెనక సీటే నామోషీ. ఆయన ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళడుగుతాడు. కుర్చీ వేసినా కూర్చోడు, మెట్టు మీదో కొబ్బరి పీచు కుప్ప మీదో వాళ్ళకంటే కిందగా చేరతాడు. "ఏటి మావా, ఈ ఏడు జీడి ఎలగుంది?" అంటాడు. ఇంటామె నవ్వేదాకా కాలేజీ ఊసెత్తడు. ట్రైనరు అన్నది నిజమే, ఇవన్నీ కంటికి కనబడే ముక్కలే.

నేనూ తొడుక్కున్నాను. తీరాన ఒక పల్లెలో, వల బాగుచేసుకుంటున్న ఒకాయన ఎదుట గొంతుక్కూర్చున్నాను. ఆయన గడ్డం గోక్కుంటే నేనూ గోక్కున్నాను. ఆయన తల పక్కకి వాలిస్తే నేనూ వాల్చాను. చేపలు ఎండబెడుతున్న ఆయన భార్య ముందు కనిపెట్టింది.

"ఏటి మావా, ఈ మాస్టారు నిన్ను ఎక్కిరిత్తన్నాడేటి?"

"ఎక్కిరింతేటే, కాళ్ళు తిమ్మిరెక్కీసినట్టున్నాయి పాపం. లెగండి మాస్టారూ, లెగండి" అని ఆయన చెయ్యి పట్టి నన్ను లేపాడు.

ఫిజిక్స్ మాస్టారు దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన కింద కూర్చుంటే చనువు. నేను కూర్చుంటే వెక్కిరింత. అవే మోకాళ్ళు, అదే నేల. ఈ తేడా ఏ స్లైడులోనూ లేదు.

తర్వాత కవిటి వైపు కొబ్బరి తోటల్లో ఒక ఊరికి ఒంటరిగా వెళ్ళాను. పేరు చెప్పలేదు. అరుగు మీది పెద్ద రైతు నన్ను కాసేపు చూసి, "మీరు లోగిలి బాబుగారి మనవడు కాదేటి?" అంటూ లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న మా భూమి చేశాడట.

ఆయనలా కూర్చోవాలన్నది పాఠం. ఆయన కూర్చోడే! "కూర్చోండి" అన్నాను. "పర్నేదు బాబూ" అన్నాడు. కాస్త వంగి నిలబడ్డాడు. నేనూ వంగాలా? నా నడుము ఆ పని చెయ్యలేదు. నిటారుగా నిలబడే కాలేజీ గురించి రెండు ముక్కలు చెప్పాను. అవీ సరిగా రాలేదు.

"పంపిత్తాం బాబూ. మీరు గుమ్మంలోకొచ్చి అడిగినాక మళ్ళీ మాటేటి?"

"నాన్నా, నాను టెక్కలి గవర్నమెంటు కాలేజీ అనుకున్నాను కదా" అంది కూతురు, ఫోను చేత్తో పట్టుకుని గడపలో నిలబడి.

"నువ్వూరుకోయే!"

ఆయన్ని చూసి ఆ వీధిలో ఇంకో మూడిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు.

వారం తిరక్కుండా ట్రైనరు మళ్ళీ వచ్చాడు. ఈసారి మోడల్‌ని నేనే. బోర్డు దగ్గర నిలబెట్టి ముక్కలు ముక్కలుగా విడదీశాడు. నిటారు భంగిమ. తక్కువ మాటలు. జవాబు కోసం తొందరపడకపోవడం.

"బావా, మమ్మల్ని కూడా నీలాగ కర్ర మింగీమంటాడేటి ఈయన?" అని గుసగుసగా అడిగాడు ఫిజిక్స్ మాస్టారు.

"ఇందులో నేను చేసిందేమీ లేదండీ. ఆయన లేచి నిలబడ్డాడు, అంతే" అన్నాను.

"ఆయన్ని లేపింది ఏది? మీ ఇన్నర్ స్టేట్ కదా!"

"కాదు. మా తాత."

హాలంతా నవ్వింది. ట్రైనరు బోర్డు మీద 'ఆత్మవిశ్వాసం' అని రాసి కింద గీత గీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేసినవాణ్ణి ఒక్కణ్ణే విప్పి చూసే పద్ధతి ఇది. ఎదుటివాడి నడుము ఎప్పటినుంచి వంగి ఉందో, ఎవరు వంచారో దానికి అక్కర్లేదు. మనిషి ప్రవర్తన సగం అవతలి మనిషిలో ఉంటుందని చెబితే, అది నా వినయం అనుకున్నారు. ప్రిన్సిపాల్ ఇక ఆ మండలమంతా నాదేనన్నాడు.

మర్నాడు ఆ రైతు ఇంటికి మళ్ళీ వెళ్ళాను. పేరు వాడకూడదనుకున్నవాణ్ణి, నా నోట రాకుండానే అది వాడేశాను. దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆయన మళ్ళీ లేచాడు.

"అమ్మాయిని టెక్కలే పంపండి" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "ఏటి బాబూ, మా గుంట మీ కాలేజీకి పనికిరాదేటి?"

"అలా కాదు. మీ ఇష్టం మీది."

"అలగే బాబూ. మీరెలగంటే అలగే."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను ఏం చెప్పినా ఆయన చెవికి ఆజ్ఞే. ఇష్టం మీది అన్నా ఆజ్ఞే. ఇంతలో అమ్మాయి బయటికొచ్చింది.

"మీరిద్దరూ ఏటి తేల్చుకున్నా ఒకటే. ఆ రోజు మీరు నిలబడి మాటాడుకుంతంటే నాను ఆన్‌లైన్లో ఆప్షను పెట్టీసినాను. టెక్కలొక్కటే పెట్టినాను. సీటు కూడా ఒచ్చీసింది."

ఆయన తువ్వాలు విసిరికొట్టి కేకలేశాడు. అమ్మాయి కదల్లేదు. బోర్డు మీద ముక్కలు ముక్కలుగా విడదీసిన నా ఘనకార్యం అసలు జరగనే లేదన్నమాట. ఆయన మాట మీద ఒప్పుకున్న ఆ మూడిళ్ళకూ అప్పుడే వెళ్ళి, మీ పిల్లల్ని అడిగి చెప్పండి అన్నాను. సాయంత్రానికి ఒక్కరు మిగిలారు.

ప్రిన్సిపాల్‌కి ఫోన్లో సంగతి చెప్పాను. "మరెక్కడికి వెళ్తారు?" అన్నాడు. మా ఇంటిపేరు తెలియని చోటికన్నాను.

నందిగాం దగ్గర ఒక ఊళ్ళో మొదటి ఇంటి ముందు, నులక మంచం మీద ఒకాయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. లేవలేదు. "ఏ కాలేజీ?" అన్నాడు, నా వైపు సరిగా చూడకుండానే. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. అయినా ఆయన లేవనందుకు నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఎండలో నిలబడి, మా కాలేజీలో ఏయే గ్రూపులున్నాయో చెప్పడం మొదలుపెట్టాను.