మూత పెట్టిన పెన్ను

సంతోష్‌నగర్‌లో డేటాబేస్ లైసెన్సులు అమ్మే ఒక కోస్తా సార్, బేరం ఇక లేదనడానికి పెన్నుకు మూత పెట్టేవారు. శుక్రవారానికి మా గాజుల దుకాణం వెబ్‌సైటు తెరవకపోతే పెద్ద పెళ్లి ఆర్డరు పోతుంది; సరుకు వివరాలు దాచే డేటాబేస్ లేనిదే సైటు నడవదు. ఐదుగురు మాత్రమే వాడుకోగల లైసెన్సు చవక. ఎందరొచ్చినా సరిపోయే ప్రాసెసర్ లైసెన్సు మోయలేనంత ధర.

“ఐదుగురిదే ఇయ్యుండ్రి సార్. ఎంతమంది వచ్చినా డేటాబేస్‌ను అడిగేది మా ప్రోగ్రాం ఒక్కటే గద!”

“తలుపు ఒకటే అయినా, వచ్చేవాళ్లంతా లెక్కేనండీ.”

“పదిమంది చూస్తరు, ఒక్కరు కొంటరు. చూసెటోళ్లకు గూడ పైసలేంది?”

“చూసినా లెక్కే.” మూత టక్కున పడింది.

లేచి బయటికొచ్చాను. బేరం వదిలి వెళ్లిపోయేవాణ్ణి వెనక్కి పిలవడం మా బజారు మర్యాద. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి చెవులు రిక్కించాను. చివరి మెట్టు దాకా పిలుపు రాలేదు. మళ్లీ ఎక్కాను.

“గొడుగు మరిచిన సార్.”

నా చేతిలోని గొడుగును ఆయన చూశారు. నవ్వలేదు. పెన్ను మూత తీశారు.