అద్దె ఇవ్వని క్రిమి

సోమయాజులు గారు క్షయ క్రిమి మీద పరిశోధకులు. భార్య జ్ఞానప్రసూన బతికున్నన్నాళ్ళూ దాని సంగతులు పొయ్యి పక్కన నిలబడి ఆవిడకి చెప్పుకునేవారు. ఆవిడ పోయాక ఆ బెంగాలీ ఊళ్ళో, భవానీపూర్ వాటాలో ఆ క్రిమి క్షేమసమాచారాలు అడిగే నాథుడు లేడు. లాబ్‌లో వాళ్ళు, పేపరు అచ్చయ్యాక చదువుతామంటారు.

ఆవేళ బంద్. బస్సుల్లేవు. ఆయన పరిశోధనకి పెంచుతున్న కణాలకి మాత్రం ఏ యూనియనూ లేదు, వేళకి మేత మార్చకపోతే చస్తాయి. నడిచి బయల్దేరారు. నడిరోడ్డు మీద బంద్ వాళ్ళు యథావిధిగా క్రికెట్ ఆడుతున్నారు. అంపైరింగ్ చేస్తున్న నిమాయ్, పార్టీ మనిషి, ఆపాడు.

"ఎక్కడికి మాస్టర్‌మొశాయ్? ఇవాళ పని బంద్."

"పని కాదయ్యా, తిండి పెట్టాలి."

"ఎవరికి?"

ఆయనకి ఇంతకంటే ఏం కావాలి. అక్కడే మొదలెట్టారు. "ఒంట్లో క్రిముల్ని మింగే కావలి కణం ఒకటుంటుంది. క్షయ క్రిమిని మింగుతుంది. అదేమో అరక్కుండా లోపలే కాపురం పెట్టేస్తుంది. ఇంటివాడి చేతే కొవ్వు బొట్లుబొట్లుగా నిల్వ చేయించి, అది తిని బతుకుతుంది. కొలెస్ట్రాల్ కూడా వదలదు."

"అద్దె?"

"ఇవ్వదు."

"అయితే మా కింద వాటావాడే," అన్నాడు నిమాయ్. "మా నాన్న హయాం నుంచీ కోర్టులో ఉన్నాం."

ఫీల్డర్లు నవ్వారు. ఆట ఆగింది. బౌలర్ బంతి జేబులో వేసుకుని దగ్గరికొచ్చాడు.

"అందుకే కణాలకి కొవ్వు లేని మేత వేస్తున్నాను. క్రిమి ఏమవుతుందో ఇవాళ తేలుతుంది."

"కడుపు మాడ్చి ఖాళీ చేయిస్తారన్నమాట. వెళ్ళండి. ఏమైందో మాకూ చెప్పాలి సుమా."

లాబ్‌లో నరపురుగు లేదు, పెంచుతున్న పురుగులు తప్ప. మేత మార్చి, స్లైడుకి రంగు వేసి చూశారు. కణాల్లో కొవ్వు బొట్లు పోయాయి. క్రిమి పెరగడం మానేసింది గానీ చావలేదు. ఇంటివాడి కొవ్వు ముందే తన ఒంట్లో దాచుకుని నిద్రపోతోంది. ఎంత గడుసుది! ఆ మాట చెబుదామని ఆయన అలవాటుగా పక్కకి తిరిగారు. కుర్చీ మీద కోటుంది.

సాయంత్రానికి బంద్ అయిపోయింది. నిమాయ్ ఒక్కడే వికెట్ల ఇటుకలు పక్కకి నెడుతున్నాడు.

"ఖాళీ చేశాడా?"

"లేదు. నిద్రపోతున్నాడు. ముందే సగం ఇల్లు మూటగట్టి..."

"నేనెప్పుడో అనుకున్నాను," అంటూ నిమాయ్ అప్పుడే వచ్చిన బస్సు కమ్మీ పట్టుకున్నాడు.

అసలు సంగతింకా చెప్పనేలేదు. సోమయాజులు గారు బస్సు వెంట నాలుగడుగులు వేశారు.

"నిమాయ్ బాబూ, మళ్ళీ బంద్ ఎప్పుడు?"

"పార్టీ చెప్పాలి," అన్నాడు నిమాయ్ ఫుట్‌బోర్డు మీంచి.